వెండి నాణేల మీద రోమ్ రాణులు

విజయనగరంలో ఈ పిచ్చి ఇంకెవరికైనా ఉందో లేదో గానీ నేను మాత్రం రోమన్ దినారియస్‌లు (పాతకాలపు రోమ్ వెండి నాణేలు), అదీ రాణుల బొమ్మలున్నవే కొంటానండి. అన్నిట్లో నాకిష్టం పెద్ద ఫౌస్టినా. ఆవిడ క్రీ.శ. 140లో పోయాక మొగుడు, రోమ్ చక్రవర్తి ఆంటోనినస్ పయస్ ఆవిడని దేవతని చేసి, "దివా ఫౌస్టినా" అని పేరేసి ఏళ్ల తరబడి నాణేలు కొట్టిస్తూనే ఉన్నాడు, అందుకే ఇప్పటికీ బోలెడు దొరుకుతాయి, కొత్తవాళ్లు వీటితోనే మొదలెట్టండి. జడలన్నీ నడినెత్తికి తెచ్చి చుట్టిన ఆ కొప్పుని మా అమ్మ లెన్స్ పెట్టి చూసి "ఎంత ఓపికే తల్లీ" అంది!

ఇంకో రాణి జూలియా డోమ్నాది సిరియాలోని ఎమెసా ఊరు. ఆవిడ భర్త, చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ నాణెంలో వెండిని సుమారు సగానికి దించేశాడు, అయినా ఆ ముఖంలో ఠీవి చూడాలి, అబ్బ! ఒక్కటే రిక్వెస్ట్, పాత వెండి కదా అని చింతపండేసి తోమేయకండి, ఆ నల్లటి పొర పోతే రేటూ పోతుంది.