గుడి, టెంపుల్, ఐఈపీ

మావాడు ఇక్కడ కెనడాలో సీనియర్ కిండర్‌గార్టెన్‌లో, అంటే ఒకటో తరగతికి ముందు ఏడాదిలో, ఉన్నప్పుడు ఒక సోమవారం సాయంత్రం టీచర్ నన్ను గేటు దగ్గర ఆపింది. కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, చివరికి చాలా మొహమాటపడుతూ, "మీ ఇంట్లో రెండు మతాలు ఉన్నాయా?" అని అడిగింది. ఆదివారం ఏం చేశారో చెప్పమంటే మావాడు లేచి "టెంపుల్‌కి వెళ్ళాం" అన్నాడట. జ్ఞానస్నానం సర్టిఫికెట్ చూపించి కేథలిక్ స్కూల్లో చేరిన పిల్లవాడు వారం వారం టెంపుల్‌కి వెళ్ళడమేమిటని ఆమె సందేహం.

మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం పక్కన ఒక పల్లె. మా ఇళ్ళల్లో చర్చి అనరు, గుడి అంటారు. ఫాదర్‌గారు చేసేది పూజ. చెప్పులు బయట విప్పి, కొంగు తలమీదికి లాక్కుని, కింద కూర్చునేవాళ్ళం. మావాడు ఇంట్లో విన్న మాటని ఇంగ్లీషు చేసి చెప్పాడు, అంతే. వాడి తర్జుమాలో తప్పేం లేదు. ఇదంతా చెప్తే టీచర్ పడీ పడీ నవ్వింది. మర్నాడు క్లాసులో పిల్లలందరికీ చెప్పిందట, ఇండియాలో కొన్నిచోట్ల చర్చిలోకి చెప్పులు విప్పి వెళ్తారని. ఆ సాయంత్రం మావాడు షూ విప్పితేగానీ పూజకి రానని పేచీ. బయటేమో మైనస్ పదిహేను.

మేం ఉండేది కెనడాలోని ఒంటారియోలో, టొరంటోకి దగ్గర్లో. ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు నన్ను మొదట అడిగేది, "కేథలిక్ స్కూలంటే ఫీజెంత?" అని. మన దగ్గర కాన్వెంటు అంటే ఫీజు, డొనేషను, సీటుకోసం సిఫార్సు. ఇక్కడ అదేం లేదు. మామూలు బళ్ళు నడిపే పబ్లిక్ బోర్డుకి ఎలా ప్రభుత్వ డబ్బు వస్తుందో, కేథలిక్ బోర్డుకీ అలాగే వస్తుంది. పాఠ్యప్రణాళిక ఒకటే, అదనంగా మతబోధన ఉంటుంది. 1867 నాటి రాజ్యాంగ చట్టంలోని 93వ సెక్షన్ ఆ హక్కుని కాపాడుతోంది. క్యుబెక్, న్యూఫౌండ్‌లాండ్ రాష్ట్రాలు 1990ల చివర్లో ఆ పద్ధతి వదిలేశాయి, ఒంటారియో వదల్లేదు. మొదట్లో నిధులు పదో తరగతి వరకే ఇచ్చేవారు. 1984లో అప్పటి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) బిల్ డేవిస్ ప్రకటించాకే పై తరగతులకీ వచ్చాయి. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం కేథలిక్ బోర్డులు రాష్ట్రంలో 29 ఉన్నాయి. ఒక్క మతానికే ఈ సదుపాయం ఎందుకని అడిగేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. మా పిల్లలు చదివేది అక్కడే అయినా, ఆ ప్రశ్నకి నా దగ్గర గట్టి జవాబు లేదు.

చాలా బోర్డుల్లో చిన్న తరగతుల్లో చేరాలంటే పిల్లవాడో, తల్లిదండ్రుల్లో ఒకరో కేథలిక్కులై ఉండాలి. హైస్కూలుకి మాత్రం ఎవరైనా చేరవచ్చు. మా పక్కింటి కరీంనగర్ వాళ్ళమ్మాయి తొమ్మిదిలో చేరింది, యూనిఫాం ఉంటుందని వాళ్ళమ్మకి భలే సంతోషం. మనవాళ్ళల్లో సీఎస్ఐ, బాప్టిస్టు, లూథరన్ కుటుంబాలే ఎక్కువ కదా, "మా బాప్తిస్మం సర్టిఫికెట్ చెల్లదా?" అని బాధపడతారు. చాలా బోర్డుల్లో చిన్న తరగతులకి చెల్లదు.

అసలు విషయానికి, అంటే మావాడికి చదవడంలో వచ్చిన కష్టానికి వస్తాను. 2018లో మావాడు రెండో తరగతి. ఏ పుస్తకం ఇచ్చినా బొమ్మ చూసి కథ అల్లేసేవాడు తప్ప, అక్షరాలు కూడబలుక్కునేవాడు కాదు. రిపోర్టు కార్డులో టీచర్ రాసినవన్నీ తీపి మాటలే. మీవాడు క్లాసుకి వెలుగు, అందరితో కలిసిపోతాడు, చదవడంలో ఇంకా ఎదుగుతున్నాడు. ఆ చివరి మాటే అసలు సంగతని నాకు తట్టడానికి ఏడాది పట్టింది. మన ఊళ్ళో అయితే మాస్టారు మొహమ్మీదే అనేవారు, "వీడికి చదువు రాదమ్మా" అని. అది క్రూరమే, కానీ వెంటనే అర్థమయ్యేది. ఇక్కడి మర్యాద వెనక ఉన్నది అర్థం కావాలంటే దానికి వేరే చదువు కావాలి.

బంధువుల్లో ఒకాయన, "ఇంట్లో తెలుగు ఆపేయండి, అదే అడ్డు" అన్నారు. రెండు వారాలు ఆపాం కూడా. ఇంట్లో నిశ్శబ్దం తప్ప ఏమీ మారలేదు. తర్వాత వేసవిలో తెలుగు పలక పట్టించినప్పుడు నాకు అనుమానం మొదలైంది. మాట్లాడమంటే గుంటూరు యాసలో గడగడా మాట్లాడే పిల్లవాడు, గుణింతం దగ్గర ఆగిపోయేవాడు. నిన్న రాసిన 'కి' ఇవాళ కొత్తదే. ఇంగ్లీషులో స్పెల్లింగు గందరగోళం ఉందని సరిపెట్టుకోవచ్చు, రాసిందే పలికే తెలుగులోనూ ఇదే ఇబ్బందంటే కారణం ఇంకోటని అర్థమైంది. అదే టీచర్‌కి చెప్పాను. ఆమె మొదటిసారి నోటుబుక్కు తీసి రాసుకుంది.

అక్కణ్ణుంచి ఒక ప్రయాణం. ముందు స్కూల్లోనే ఒక బృందం కూర్చుంది. క్లాసు టీచర్, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్, ప్రిన్సిపాల్, మేమిద్దరం. చిన్నపిల్లల కుర్చీలు, మోకాళ్ళు గడ్డానికి తగిలే ఎత్తు. "మీవాడి గురించి మీరేమనుకుంటున్నారు?" అని ప్రిన్సిపాల్ అడిగింది. నేను చేతులు కట్టుకుని, "మీరెలా అంటే అలా మేడం" అన్నాను. మా ఆయన తలూపాడు. మా నాన్న నన్ను ఆర్‌సీఎం స్కూల్లో చేర్చిన రోజు ఫాదర్‌గారి గది బయట ఎలా నిలబడ్డాడో, ఆ కుర్చీలో నేనూ అలాగే కూర్చున్నాను. అది వినయం అనుకున్నాం. వాళ్ళు మాత్రం మాకు అభ్యంతరాలూ అభిప్రాయాలూ ఏమీ లేవని రాసుకున్నారు. మినిట్స్‌లో ఆ వాక్యం తర్వాత చూశాను.

కష్టం ఎక్కడుందో తేల్చే పెద్ద పరీక్ష సైకాలజిస్టు చెయ్యాలి. బోర్డు ఖర్చుతో చేయిస్తే వెయిటింగ్ లిస్టు. బయట చేయించుకుంటే వేల డాలర్లు, ఇన్సూరెన్సు కొంతే ఇస్తుంది. మేం లిస్టులో ఉన్నాం. 2020 మార్చిలో బళ్ళు మూతపడ్డాయి, లిస్టూ ఆగింది. వాడు ఐదో తరగతికి వచ్చాకగానీ పిలుపు రాలేదు. ఆ మధ్యకాలం గురించి నాకు ఇప్పటికీ కోపమే. అడగాల్సినంత గట్టిగా అడగలేదన్న కోపం అందులో సగం.

అడగడానికి పద్ధతి ఉందని అప్పుడే తెలిసింది. ఐపీఆర్‌సీ అనే కమిటీ ఉంటుంది. పిల్లవాడికి ప్రత్యేక అవసరం ఉందా, ఉంటే ఏ తరగతి గదిలో ఎలా చదవాలి అని తేల్చేది అదే. తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా అడిగితే కమిటీ పెట్టాల్సిందే. 15 రోజుల్లో జవాబివ్వాలి. నోటితో అడిగితే ఈ లెక్క లేదు, కాబట్టి రెండు వాక్యాల ఈమెయిలైనా సరే రాయండి. ఆ సమావేశానికి మన తరఫున మాట్లాడే మనిషిని వెంట తీసుకెళ్ళవచ్చు. నిర్ణయం నచ్చకపోతే అప్పీలు ఉంది. ఆ నిర్ణయం ప్రకారం పిల్లవాణ్ణి తరగతిలో పెట్టాక 30 బడి రోజుల్లోపు ఐఈపీ, అంటే ఆ పిల్లవాడికే రాసిన చదువు ప్రణాళిక, చేతికి రావాలి. కమిటీ లేకుండా కూడా ఐఈపీ రాయవచ్చు, చాలామందికి అలాగే రాస్తారు.

ఐఈపీలో రెండు మాటలుంటాయి, వాటి తేడా తెలియక నేను దాదాపు పొరపాటు చేశాను. అకామడేషన్ అంటే పాఠం అదే, దారి మారుతుంది. ఎక్కువ సమయం, విడిగా ప్రశాంతమైన గది, పుస్తకాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, నోటితో చెప్తే రాసిపెట్టడం. మోడిఫికేషన్ అంటే పాఠమే మారుతుంది, ఐదో తరగతి పిల్లవాడికి మూడో తరగతి స్థాయి లెక్క పెట్టి మార్కులేస్తారు. కొందరు పిల్లలకి అదే సరైనది. కానీ హైస్కూల్లో పాఠం బాగా మార్చేస్తే ఆ క్రెడిట్, అంటే ఆ కోర్సు పాసైనందుకు వచ్చేది, హైస్కూలు డిప్లొమాకి లెక్కలోకి రాకపోవచ్చు. డిప్లొమాకి 30 క్రెడిట్లు కావాలి మరి. మొదటి డ్రాఫ్టులో మావాడికి ఇంగ్లీషుతో పాటు సైన్సుకి కూడా మోడిఫికేషన్ అని ఉంది. వాడికి సైన్సు చదవడమే కష్టం, సైన్సు కష్టం కాదు. ఈసారి చేతులు కట్టుకోలేదు. "ఇంటికి తీసుకెళ్ళి చదివి చెప్తాం" అన్నాను. మూడు రోజులు కూర్చుని, ప్రతి గడికీ ప్రశ్న రాసుకెళ్ళాను. సైన్సు దగ్గర అకామడేషన్‌గా మార్చారు, ఏ గొడవా లేకుండా. అడిగితే ఇంత సులువా అని ఇద్దరం కారులో కూర్చుని మొహాలు చూసుకున్నాం.

అప్పుడు మా అత్తయ్య, తల్లిదండ్రులకి ఇచ్చే సూపర్ వీసా మీద, మా దగ్గరే ఉంది. కాగితాలు చూసి ఏడుపు. "అమ్మాయ్, బిడ్డకి ఏదో లోపమని గవర్నమెంటు కాగితంలో రాయించుకుంటారా? రేపు సంబంధాలొస్తాయా?" అని. వాడికి అప్పుడు పదేళ్ళు! ఎన్ని చెప్పినా వినలేదు. చివరికి ఆవిడే కాగితంలో ఒక మాట పట్టుకుంది. ఇక్కడి చట్టంలో ఇలాంటి పిల్లల్ని "ఎక్సెప్షనల్" అంటారు. మరీ తెలివైన పిల్లలకీ, చదవడం కష్టమయ్యే పిల్లలకీ ఒకటే మాట. "అంటే అసాధారణం అనేగా?" అంది. అవునన్నాం. ఆ రాత్రే ఫోన్లో మా ఊరంతా తెలిసింది, మనవణ్ణి కెనడా గవర్నమెంటు ఎక్సెప్షనల్ అని కాగితం రాసిచ్చిందని. పెదనాన్న అభినందనలు కూడా పంపారు. మేం దిద్దలేదు.

ఆవిడని ఎగతాళి చెయ్యడానికి చెప్పలేదు ఇది. నా చిన్నప్పుడు మా క్లాసులో ఒకడుండేవాడు. మిరపకాయల టిక్కీలు కాటా వేస్తుంటే నోటిలెక్కతో కిలోలతో సహా చెప్పేవాడు. పుస్తకం ముందు పెడితే చెమటలు. ఐదో తరగతిలో బడి మాన్పించి కోతలకి పంపారు. మా బళ్ళో ఎవరూ వాడి కోసం ఒక కాగితం రాయలేదు, రాయవచ్చని ఎవరికీ తెలియదు. అత్తయ్య భయం ఆ లోకంలోది.

కేథలిక్ బోర్డు కావడం వల్ల ఈ సాయంలో ఏమైనా తేడా ఉందా అని అడుగుతారు. చట్టం పరంగా లేదు. ఐపీఆర్‌సీ, ఐఈపీ రెండు వ్యవస్థల్లోనూ ఒకటే. తేడా చిన్న చిన్న చోట్ల కనిపించింది. మావాడు ప్రార్థనలన్నీ నానమ్మ నోట విని నేర్చుకున్నవాడు, మంగళవార్త జపం తెలుగులో ఒక్క ముక్క తప్పకుండా చెప్తాడు. అక్టోబరులో క్లాసంతా జపమాల చెప్తుంటే, టీచర్ వాణ్ణి తెలుగులో చెప్పమంది. వాడి తర్వాత ఒకమ్మాయి తగలోగ్‌లో, ఒకడు మలయాళంలో, ఇంకొకడు పోలిష్‌లో. చదవాల్సిన పని లేకుండా క్లాసు ముందు నిలబడడం వాడికి అదే మొదలు. ఇంటికొచ్చి, "అందరూ విన్నారు" అన్నాడు, అంతకంటే ఏం చెప్పలేదు.

అయితే ఇక్కడి భక్తి మన భక్తిలా ఉంటుందనుకుంటే మాత్రం నిరాశే. గుణదల మేరీమాత తిరునాళ్ళలో కొండెక్కి కొబ్బరికాయ కొట్టే జనంతో పెరిగినదాన్ని నేను. ఇక్కడ పూజ సరిగ్గా గంట, ఆపైన పార్కింగ్ లాట్. పిల్లల క్లాసుమేట్లలో ఆదివారం గుడికి వెళ్ళేవాళ్ళు తక్కువే.

మా చిన్నది మొదటి తరగతిలో చేరిన 2023లో పద్ధతి మారింది. అంతకుముందు ఏడాది ఫిబ్రవరిలో ఒంటారియో మానవ హక్కుల కమిషన్ చదవడం నేర్చుకోవడం హక్కు అని పెద్ద నివేదిక ఇచ్చింది, బళ్ళల్లో అక్షరాల శబ్దాలు నేర్పకుండా ఊహించి చదవమనడం తప్పని. ఇప్పుడు సీనియర్ కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి వరకు పిల్లలందరికీ చదివే పరీక్ష తప్పనిసరి. చిన్నదానికి పది నిమిషాల్లో అయిపోయింది. బొమ్మ చూసి కథ అల్లిన మావాడికి ఆ పది నిమిషాలు దొరికి ఉంటే అని ఆ రోజు వంటింట్లో కాస్త ఏడ్చాను.

మావాడు ఈ సెప్టెంబరులో తొమ్మిదికి వచ్చాడు. కొత్త స్కూలు, టై, 40 గంటల సమాజ సేవ, ప్రతి గంటకీ మారే టీచర్లు. ఐఈపీలో బడి మారేటప్పుడు ఏం చెయ్యాలో కూడా రాస్తారు కాబట్టి, జూన్‌లోనే వాణ్ణి ఖాళీ బడికి తీసుకెళ్ళి గదులు చూపించారు. బోర్డు ఇచ్చిన ల్యాప్‌టాప్ వాడితోపాటే వెళ్ళింది. పదహారు నిండితే ఐపీఆర్‌సీలో కూర్చునే హక్కు వాడికీ ఉంటుంది. ఈ బడివాళ్ళు అంతదాకా ఆగలేదు, ఇప్పుడే పిలిచారు. కుర్చీలు ఈసారి మా ఎత్తువే.

స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ ఫారం నింపుతూ బలాలు అన్న గడి దగ్గర ఆగి, నా వైపు కాకుండా వాడి వైపు తిరిగింది. "నీకు ఏది బాగా వచ్చు?" నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. వాడు టై సర్దుకుని, కాసేపు ఆలోచించి, "ఒక్కసారి వింటే మర్చిపోను" అన్నాడు.

అదే రాసింది. ఈసారి ఇంటికి తీసుకెళ్తానని అనలేదు, అక్కడే సంతకం పెట్టేశాను.