పాప చూపు కోసం కుడుతున్న బొమ్మలు: పదహారో నెల దాకా

గుడ్డబొమ్మలు కుట్టడం నాకు ఎప్పట్నుంచో ఉన్న సరదా. మా అక్కకి పాప పుట్టాక ఆ సరదాకి ఒక లక్ష్యం దొరికింది. పసిపిల్లల చూపు ఏ వయసులో ఎక్కడ నిలుస్తుందో చదివి తెలుసుకోవడం, దానికి తగ్గ ఆటవస్తువు చేయడం, పాపతో ఆడి చూసి రాసుకోవడం. పాపకిప్పుడు పదహారో నెల. నోట్‌బుక్‌లో పనికొచ్చేవన్నీ ఇక్కడ పెడుతున్నాను. కుట్టుకోవాలనుకునేవాళ్ళ కోసం కొలతలూ ఇస్తున్నాను.

మొదటి రెండు నెలలు: అట్టలు

పుట్టిన బిడ్డకి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త తేటగా కనిపిస్తాయి. ఒళ్ళో పెట్టుకుని పాలిచ్చేటప్పుడు తల్లి మొహం ఉండేది ఇంచుమించు ఆ దూరంలోనే. లేత రంగులు అప్పటికి పెద్దగా ఆనవు, నలుపు తెలుపుల తేడా మాత్రం బాగా ఆనుతుంది. అందుకని మందపాటి తెల్ల అట్టని 15 సెంటీమీటర్ల చదరపు ముక్కలు కోసి, నల్ల మార్కర్‌తో ఒకదాని మీద రెండేసి సెంటీమీటర్ల చారలు, ఇంకోదాని మీద ఒకదాని లోపల ఒకటిగా వలయాలు, మూడోదాని మీద కళ్ళూ నోరూ ఉన్న మొహం గీశాను. మూలలు గుండ్రంగా కత్తిరించాను.

చారల అట్టని పాప చాలాసేపు చూసేది. కానీ పక్కన వాళ్ళమ్మ మొహం కనిపిస్తే ఇక అట్టల వంకే చూసేది కాదు. 2002లో తెరెసా ఫరోనీ బృందం, పుట్టి రెండు నుంచి ఐదు రోజులైన పిల్లలకి రెండు మొహాలు పక్కపక్కన చూపించింది. ఒకటి నేరుగా చూస్తున్నది, ఇంకోటి చూపు పక్కకి తిప్పుకున్నది. నేరుగా చూస్తున్న మొహాన్నే పిల్లలు ఎక్కువసేపు చూశారు. పుట్టుకతోనే ఆ మొగ్గు ఉన్నప్పుడు నేను గీసిన మొహం ఏపాటి? అట్టలు పక్కన పెట్టి, కూర్చునే తీరు మీద దృష్టి పెట్టాను.

నాకు బాగా కుదిరిన తీరు ఇది. గోడకి ఆనుకుని, మోకాళ్ళు పైకి మడిచి కూర్చోవాలి. పాప వీపు తొడల మీద, తల మోకాళ్ళ దగ్గర ఆనుతుంది. మొహానికి మొహం ఎదురుగా, చేతులు రెండూ ఖాళీ. కిటికీ మన వెనక ఉంటే మన మొహం పాపకి చీకటి ముద్దలా కనిపిస్తుంది. వెలుతురు మన మొహం మీద పడేలా కూర్చోవాలి. కళ్ళజోడు మీద దీపం మెరుస్తుంటే తీసేయడం మంచిది. కడుపు నిండి, నిద్ర తీరి, ఏడుపు లేకుండా మెలకువగా ఉన్న ఆ కొద్దిసేపే ఆడాలి. మిగతా వేళల్లో ఎంత పిలిచినా లాభం లేదు.

మూడు నుంచి ఆరు నెలలు: తల తిప్పుకోవడం

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మన కళ్ళలోకి చూసి నవ్వడం మొదలవుతుంది. ఇంట్లో అందరూ ఎగబడేది అప్పుడే. పాప కాసేపు చూస్తుంది, నవ్వుతుంది, ఉన్నట్టుండి తల పక్కకి తిప్పేసుకుంటుంది. వెంటనే మనం ఆ పక్కకి వంగి, చిటికెలు వేసి, పేరు పెట్టి పిలుస్తాం. ఈ పని మానేయాలని నా గట్టి అభిప్రాయం. మొహం చూడడం పసిమెదడుకి చాలా పెద్ద పని. తల తిప్పుకున్నప్పుడు పాప తన ఉత్సాహాన్ని తనే తగ్గించుకుంటోంది.

ఎడ్వర్డ్ ట్రానిక్ 1970ల్లో చేసిన ప్రయోగం చాలామంది చూసే ఉంటారు. బిడ్డతో ఆడుతున్న తల్లి ఉన్నట్టుండి మొహంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, ఏదీ పనిచేయకపోతే చూపు తిప్పేసుకుంటుంది. చూపు కలపడంలో బిడ్డకీ వంతు ఉందని నాకు అర్థమైంది ఆ ప్రయోగం వల్లే.

అప్పట్నుంచి నేను పాటిస్తున్నది: ఆవలింత, ఎక్కిళ్ళు, వేళ్ళు విచ్చుకోవడం, తల తిప్పడం, వీటిలో ఏది కనిపించినా నోరు మూసుకుని ఉన్నచోటే ఉండడం. మొహం మీద చిరునవ్వు మాత్రం అలాగే ఉంచుతాను. చాలాసార్లు పాప కిటికీ వైపో ఫ్యాను వైపో చూసి, తనే మళ్ళీ నా వైపు తిరుగుతుంది. తిరిగిన క్షణంలో కనుబొమలు పైకెత్తి మెల్లగా పలకరిస్తే చాలు.

ఏడో నెల: చేతితొడుగు బొమ్మ

ఫెల్ట్ గుడ్డ మీద అరచెయ్యి పరిచి, బొటనవేలూ చిటికెనవేలూ చాచి చుట్టూ గీత గీసి, ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ వదిలి రెండు ముక్కలు కత్తిరించాను. అంచులు చిక్కటి కుట్లతో రెండు వరసలు. కళ్ళకి గుండీలు, పూసలు వద్దే వద్దు. మూడేళ్ళలోపు పిల్లల నోట్లోకి పోయే చిన్న వస్తువేదైనా గొంతుకి అడ్డం పడొచ్చు. తెల్ల ఫెల్ట్ వృత్తం కుట్టి, దాని మధ్యలో నల్లదారం దగ్గర దగ్గర కుట్లతో నింపాను. పాపకి ఇచ్చే ముందు కళ్ళని గట్టిగా లాగి చూస్తాను, ఉతికి ఆరేసి మళ్ళీ లాగి చూస్తాను.

తెల్లగుడ్డు పెద్దగా పెట్టడానికి కారణం ఉంది. 1997లో కొబయాషి, కొషిమా అనే జపాన్ పరిశోధకులు రకరకాల కోతిజాతుల కళ్ళు పోల్చి చూసి, మనిషి కంట్లోనే తెల్లభాగం అంత స్పష్టంగా కనిపిస్తుందని చెప్పారు. మనం ఎటు చూస్తున్నామో ఎదుటివాళ్ళకి ఇట్టే తెలిసిపోయేది ఆ తెలుపు వల్లేనని వాళ్ళ అభిప్రాయం.

తొమ్మిది నుంచి పన్నెండు నెలలు: ఆగడం

బొమ్మ అందంగానే వచ్చింది. ఆడిస్తుంటే పాప చూపంతా బొమ్మ మీదే, నా మొహం వైపు తిరగదు. చదివితే అది మామూలేనని తెలిసింది. చెన్ యూ, లిండా స్మిత్ 2013లో ఏడాది పిల్లలకీ వాళ్ళ తల్లిదండ్రులకీ తలకి చిన్న కెమెరాలు తొడిగి ఆడుకోనిచ్చారు. ఆటలో పిల్లలు పెద్దవాళ్ళ మొహం చూసింది చాలా తక్కువ, చేతుల్నీ చేతుల్లోని వస్తువుల్నీ చూసిందే ఎక్కువ. పెద్దవాళ్ళ దృష్టి ఎక్కడుందో చేతుల ద్వారానే పట్టుకుంటున్నారు. కాబట్టి ఆడేటప్పుడు మొహం చూడకపోతే కంగారు పడక్కర్లేదు.

మరి చూపు ఎప్పుడు పైకి లేస్తుంది? బొమ్మ పాప పొట్ట మీద గెంతుతూ వస్తోంది, "ఒకటీ... రెండూ..." అంటున్నాను. మూడు అనకుండా ఆగాను. బొమ్మ కూడా గాల్లో ఆగింది. పాప బొమ్మని చూసింది. కాళ్ళు ఆడించింది. బొమ్మని మళ్ళీ చూసి, నా చెయ్యి వెంబడే చూపు పైకి తెచ్చి, నా కళ్ళలోకి చూసింది. అప్పుడు "మూడు!" అన్నాను. పక్కనే బట్టలు మడతపెడుతున్న అక్క, "ఒరేయ్, నువ్వు ఆగితేనే అది నీ మొహం చూస్తోందిరా" అంది.

ఇప్పుడు నా ఆటలన్నింటిలో అదే కిటుకు. సబ్బు బుడగలు ఊది, మూత బిగించి సీసా పాప చేతికిస్తాను. మూత రాదు, నన్ను చూస్తుంది, తీసిస్తాను. దోబూచిలో గుడ్డ తీయడం కాస్త ఆలస్యం చేస్తాను. ఆగడం మూడు నాలుగు సెకన్లు దాటకూడదు. దాటితే ఆట కాస్తా ఏడుపవుతుంది. చూపు రాకపోయినా, చెయ్యి చాచినా "ఊ" అన్నా ఆట సాగించాల్సిందే. "నన్ను చూస్తేనే ఇస్తా" అని బేరం పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. గడ్డం పట్టుకుని మొహం తిప్పడం అంతకంటే ఇష్టం లేదు.

ఏడాది దగ్గరపడ్డాక ఇంకో రకం చూపు మొదలైంది: బొమ్మని చూసి, నన్ను చూసి, మళ్ళీ బొమ్మని చూడడం. "నువ్వూ చూశావా?" అని అడుగుతున్నట్టు. నాకు కళ్ళలోకి చూసే చూపు కంటే ఇదే ముఖ్యమనిపిస్తోంది. మాటలు నేర్చుకోవడానికి పునాది పడేది ఇలా ఒకే వస్తువుని ఇద్దరూ కలిసి చూడడంలోనే.

పాప వాళ్ళన్న గురించి ఒక మాట. వాడికి నాలుగేళ్ళు. "మామయ్యా, నాకూ బొమ్మ" అంటూ వచ్చి కూర్చుంటాడు. ఏ జంతువు కావాలని అడిగితే పైకప్పు వైపు చూస్తూ ఆలోచిస్తాడు. స్టిర్లింగ్ యూనివర్సిటీలో గ్వినెత్ డోహర్టీ-స్నెడన్ బృందం చూపించిందేమిటంటే, కష్టమైన ప్రశ్నలప్పుడు చూపు పక్కకి తిప్పుకోమని చెబితే ఐదేళ్ళ పిల్లలు ఇంకా బాగా జవాబులు చెప్పారు. "నా వంక చూసి చెప్పు" అనడం ఇంట్లో అందరం మానేశాం.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

మూడు నెలలు దాటినా కదిలే మొహాన్ని కళ్ళతో వెంబడించకపోయినా, నాలుగు నెలలు దాటాక కూడా మెల్ల కనిపిస్తున్నా, ఫొటోలో కంటిపాప తెల్లగా మెరిసినా కంటి డాక్టర్‌కి వెంటనే చూపించాలి. ముందుగా అసలు చూపు ఉందా, వినికిడి ఉందా అన్నది తేలాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి వయసు లెక్క పుట్టిన రోజు నుంచి కాకుండా, పుట్టాల్సిన తేదీ నుంచి వేసుకోవాలి.

ఏడాది వచ్చినా పేరుకి పలక్కపోవడం, పద్దెనిమిది నెలలకీ వేలు పెట్టి ఏదీ చూపించకపోవడం, వచ్చిన మాటలు గానీ నవ్వులు గానీ పోవడం, వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టర్‌ని అడగాలి, దానికి తోడు చూపు కలపడం తక్కువగా ఉంటే మరీనూ. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఆటిజం సూచనలు ఉన్నాయేమో చూడడానికి ఎం-చాట్-ఆర్ అని 20 ప్రశ్నల పట్టిక ఉంది. అందులో కళ్ళలోకి చూడడం గురించి ఒక ప్రశ్న, మిగతావి వేలు చూపించడం, అనుకరించడం, పిలిస్తే పలకడం లాంటివి. చూపు ఒక్కదాన్ని పట్టుకుని ఎవరూ ఏదీ తేల్చరు. ఆటిజం ఉన్న పిల్లలైతే చూడమని బలవంతపెట్టడం ఇంకా తప్పు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడడం తమకి నిజంగానే కష్టంగా, ఒక్కోసారి నొప్పిగా ఉంటుందని పెద్దవాళ్ళైన ఆటిస్టిక్ వ్యక్తులు ఎంతోమంది చెబుతున్నారు. వాళ్ళు పక్కకి చూస్తూ కూడా వింటారు, పంచుకుంటారు. అది ఒప్పుకుని ఆడాలి.

ఇప్పుడు మిషన్ మీద ఉన్నది

నోరు తెరిచి మూసే కప్ప. నోట్లో అట్టకి బదులు, ఉతికినా పాడవకుండా రెండు పొరల మందపాటి ఫెల్ట్ పెడుతున్నాను. చెయ్యి దూరే గొట్టం ఈసారి మోచేతి దాకా 30 సెంటీమీటర్లు ఉంచుతున్నాను, ఎత్తి నా బుగ్గ పక్కన పెట్టుకుని ఆడించడానికి. కప్పా నా మొహమూ ఒకేచోట ఉంటే పాప చూపు రెంటి మధ్యా తిరుగుతుందేమో చూడాలి. అన్నకి పులి కావాలట, పచ్చరంగు పులి. ఆ గుడ్డ ఇంకా కత్తిరించలేదు.