పొపాయ్ ముంజేతులు, లారెల్ జుట్టు

కార్టూన్ నావికుడు పొపాయ్ బొమ్మ ఈసారి కనబడినప్పుడు ముఖాన్ని వదిలి చేతులను గమనించండి. భుజం నుంచి మోచేతి దాకా బక్కగా వచ్చిన చేయి, ఆ కింద ఒక్కసారిగా సొరకాయలా ఉబ్బి, లంగరు పచ్చబొట్టు వేసుకుని కనిపిస్తుంది. జిమ్‌కు వెళ్లే కుర్రవాళ్లు అద్దం ముందు చేయి మడిచి చూసుకునే కండ అతనికి లేనే లేదు. మగవాడి చేతుల మీద వచ్చిన హాస్యంలో ఇంత ఉదారమైన బొమ్మను నేను మరొకటి చూడలేదు.

అమెరికా చిత్రకారుడు ఇ. సి. సీగర్ 1919లో మొదలుపెట్టిన ‘థింబుల్ థియేటర్’ అనే పత్రికా బొమ్మల కథలోకి, 1929 జనవరి 17న, ఓడ నడపడానికి కుదుర్చుకున్న నావికుడిగా పొపాయ్ ప్రవేశించాడు. ఆ ప్రయాణం కథ ముగియగానే తప్పుకోవలసిన పాత్ర అది. పాఠకులు ఊరుకోకపోవడంతో తిరిగి వచ్చి, చివరికి ఆ శీర్షికకే నాయకుడయ్యాడు. పాలకూర తినగానే బలం పుంజుకునే మహిమ తరువాత చేరింది. 1937లో టెక్సాస్‌లోని క్రిస్టల్ సిటీ పాలకూర రైతులు అతనికి విగ్రహం కూడా నిలబెట్టారు. వేళ్లను ముడిచి పట్టు బిగించే కండరాలలో ఎక్కువ భాగం ముంజేతిలోనే ఉంటాయి కనుక, రోజంతా మోకులు లాగే మనిషికి బలం అక్కడే పోగవుతుంది. సీగర్ గీత ఎంత అతిశయోక్తి అయినా దాని కింద శ్రమ తెలిసిన చూపు ఉంది. ఒంటికన్ను, బోసి నోరు, పొట్టి శరీరం ఉన్న ఆ మనిషిని మారమని కథలో ఎవరూ అడగరు.

దాదాపు అదే కాలంలో, అదే దేశంలో, బక్కచేతుల మీద మరో రకం నవ్వు పుట్టింది. ఇటలీలో 1892లో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరిన ఆంజెలో సిసిలియానో, చార్లెస్ అట్లాస్‌గా పేరు మార్చుకుని తపాలా ద్వారా వ్యాయామ పాఠాలు అమ్మాడు. కామిక్ పుస్తకాలలో ఏళ్ల తరబడి వచ్చిన ఆ ప్రకటన బొమ్మల కథ ఇది: సముద్రతీరంలో ఒక కండలవాడు బక్క కుర్రవాడి ముఖాన ఇసుక తన్నుతాడు, పక్కనున్న అమ్మాయి ముందు కుర్రవాడి పరువు పోతుంది, పాఠాలు తెప్పించుకుని చేతులు పెంచి వాడు తిరిగి వెళ్లి ఆ కండలవాడిని కొడతాడు. అట్లాస్ తాను కూడా ఒకప్పుడు 97 పౌండ్ల, అంటే సుమారు 44 కిలోల, బలహీనుడినని చెప్పుకునేవాడు. వ్యాయామం మంచిదే. అయితే ఆ బొమ్మలలోని నవ్వు ముందు గాయం చేసి, తరువాత మందు అమ్ముతుంది, అందుకే అది నాకు నచ్చదు.

ఆ ఇసుక ఇప్పటికీ పడుతూనే ఉంది. ఇంటర్ చదువుతున్న మా అక్క కొడుకు మండుటెండలో కూడా పొడుగు చేతుల చొక్కానే వేసుకుంటాడు. స్నేహితులు వాడి ఫొటోలో చేతుల స్థానంలో అగ్గిపుల్లలు అతికించి వాట్సాప్‌లో తిప్పారు. తమాషాకే చేశామని వాళ్లు నిజాయితీగానే అనుకుంటున్నారు, కానీ ఆ నవ్వులో వాడికి వాటా ఇవ్వలేదు.

జుట్టు విషయంలో ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పాత హాలీవుడ్ హాస్య చిత్రాల లారెల్–హార్డీ జంటలో సన్నటివాడైన స్టాన్ లారెల్ పక్కలా వెనకా జుట్టు పొట్టిగా కత్తిరించి, నడినెత్తిన మాత్రం పొడుగ్గా పెంచేవాడు. దిక్కు తోచనప్పుడు ఆ జుట్టును వేళ్లతో పైకి లాగి, ఏడవబోయే ముఖం పెడితే చాలు, ప్రేక్షకులు నవ్వేవారు. ఒలివర్ హార్డీ తన జుట్టును నుదుటికి అతికించినట్టు నున్నగా దువ్వుకునేవాడు. ఎంత సర్దుకున్నా పరువు దక్కని పెద్దమనిషి ఒకడు, సర్దుకోవాలన్న ఆలోచనే లేని అమాయకుడు ఒకడు అన్నమాట. తెర మీద ఏమీ తెలియనట్టు కనిపించే లారెలే తెర వెనుక హాస్య సన్నివేశాలను అల్లేవాడు కాబట్టి, ఆ చెదిరిన జుట్టు ఎవరో తగిలించిన ఎగతాళి కాదు, ఆయన స్వయంగా ఎంచుకున్న పనిముట్టు. (ఇదే జుట్టు ఒక స్త్రీకి ఉంటే చూసేవారు ముందు ఆమె శుభ్రతను శంకించేవారు. చెదిరిన జుట్టుతో ముద్దొచ్చే హక్కును హాస్యం మగవాళ్లకే ఎక్కువగా ఇచ్చింది.) మన రమణారెడ్డి కూడా తన బక్కపలచని శరీరాన్ని అలాగే, సిగ్గుపడకుండా, నటనకు పెట్టుబడిగా పెట్టారు. ఆయనను చూసి నవ్విన వారెవరూ ఆయనను చిన్నచూపు చూడలేదు.

1929 నాటి పొపాయ్ బొమ్మల మీద అమెరికాలో హక్కుల గడువు తీరి, 2025 జనవరి 1 నుంచి అవి అందరి సొత్తు అయ్యాయి. ఇక ఎవరైనా అతన్ని కొత్తగా గీయవచ్చు. గీసేవాళ్లు భుజాల కింద కండలు పెంచి అతన్ని మరో అట్లాస్‌గా మార్చకుండా, ఆ పైచేతులను బక్కగానే ఉంచాలని నా కోరిక.