041 నుంచి 241కి

గుంటూరు కొత్తపేటలో నాకు చిన్న మందుల దుకాణం ఉంది. చుట్టూ ఆసుపత్రులే కాబట్టి రాత్రి పదిన్నరకు గానీ షట్టరు దించను. 2023 ఆగస్టులో మాత్రం వరసగా నాలుగు రోజులు దుకాణం కుర్రాడికి అప్పగించి ఏడింటికే ఇంటికి వెళ్ళాను. సీబీఎస్‌ఈ బడిలో పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, లెక్కల్లో స్టాండర్డ్ పేపరు కాకుండా సులువైన బేసిక్ పేపరు రాస్తానని చెప్పడమే కారణం.

అప్పటికి వచ్చిన యూనిట్ పరీక్షలో 80కి 29. ఇంట్లో ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే నయం. మా ఆవిడ రెండు రోజులు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. మా బావమరిది ఫోను చేసి, "బావగారూ, రేపు పెళ్ళి చూపుల్లో మార్కుల పత్రం అడిగితే బేసిక్ అని కనిపిస్తుంది కదా" అన్నాడు. పెళ్ళి చూపుల్లో పదో తరగతి లెక్కలు అడిగిన వాళ్ళను నేను చూడలేదు. అయినా ఆ మాట నన్ను ఒక రాత్రంతా నిద్రపోనివ్వలేదని ఒప్పుకోవాలి.

బడిలో అడిగితే, "బేసిక్ తీసుకుంటే పదకొండులో లెక్కలు మరిచిపోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మందు చీటీ చూడకుండా మాత్ర ఇచ్చే అలవాటు నాకు లేదు. బోర్డు ఉత్తర్వులు తెరిచి నేనే చదువుకున్నాను.

ఈ రెండు స్థాయిలూ 2020 పరీక్షల నుంచి వచ్చాయి. స్టాండర్డ్ కోడ్ 041, బేసిక్ కోడ్ 241. అప్పట్లో తొమ్మిదో తరగతిలో ఈ తేడా లేదు. నేను మొదట తప్పుగా అనుకున్న సంగతి ఒకటుంది: బేసిక్ అంటే పాఠాలు తగ్గుతాయని. తగ్గవు. పాఠ్యప్రణాళిక ఒకటే, తరగతి గదిలో చెప్పేది ఒకటే, 20 మార్కుల అంతర్గత మూల్యాంకనమూ ఒకటే. బోర్డు పెట్టే 80 మార్కుల పేపరు ఒక్కటే వేరు. పదకొండులో గణితం తీసుకోదలచిన వాళ్ళు స్టాండర్డ్ రాయాలన్నది అసలు నియమం. బేసిక్ రాసినవాళ్ళు మనసు మార్చుకుంటే, తప్పినవాళ్ళకు మళ్ళీ పెట్టే కంపార్ట్‌మెంట్ పరీక్షల సమయంలో స్టాండర్డ్ రాసుకోవచ్చని అప్పట్లో ఉంది. కరోనా కాలం నుంచి ఈ నియమాన్ని సడలిస్తూ వచ్చారు. పిల్లకు ఆ శక్తి ఉందని ప్రధానోపాధ్యాయులు తృప్తిపడితే చాలన్నారు. కాని ఆ సడలింపు ఏ ఏడాదికి ఆ ఏడాది ఇచ్చేది. వచ్చే ఏడాది కూడా ఉంటుందని నమ్ముకుని పిల్లను దింపలేను. కాబట్టి తలుపు మూసుకుంటుందనే అనుకుని ఆలోచించాలి.

అయితే ఆ తలుపుతో మాకు పనుందా? అమ్మాయికి సీఏ, అంటే చార్టర్డ్ అకౌంటెన్సీ చదవాలని ఉంది. సీఏ మొదటి మెట్టయిన ఫౌండేషన్ పరీక్షలో మూడో పేపరు లెక్కలూ, తర్కమూ, గణాంకాలూ కలిపి 100 మార్కులు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఆ పాఠాల పట్టీ తెప్పించి చూశాను. నిష్పత్తులు, సమీకరణాలు, వడ్డీ లెక్కలు, శ్రేఢులు ఉన్నాయి. కాస్త కలన గణితం కూడా ఉంది. త్రికోణమితి లేదు.

అప్పుడు మా లెక్కల మాస్టారు ఒక మాట చెప్పారు. "ఊరికే వాదించుకోకండి, రెండు నమూనా పేపర్లూ రాయించండి." బోర్డు వాళ్ళవి రెండూ ముద్రించి తెచ్చాను. రెండింటిలోనూ 38 ప్రశ్నలే. వరసగా రెండు ఆదివారాలు, మూడేసి గంటలు, గడియారం ముందు పెట్టి రాయించాను. ఫోను నా జేబులో పెట్టుకున్నాను. స్టాండర్డులో 34, బేసిక్‌లో 57 వచ్చాయి.

మొత్తం మార్కులు చూసి మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఎక్కడ పోయాయి? త్రికోణమితి నిరూపణలు తుడిచిపెట్టుకుపోయాయి. వృత్తానికి స్పర్శరేఖల సిద్ధాంతాలు సగం దాకా వచ్చి ఆగాయి. మాటల్లో చెప్పి సమీకరణం మనల్నే రాసుకోమనే చోట, రైలు వేగం గంటకు ఇంత పెరిగితే అనే లెక్క దగ్గర, పిల్ల నలభై నిమిషాలు పోగొట్టుకుంది. అదే వర్గ సమీకరణం బేసిక్‌లో నేరుగా ఇస్తే మూడు నిమిషాల్లో సాధించింది.

నిరూపక జ్యామితిలో మాత్రం రెండు పేపర్లలోనూ ఒక్క మార్కు పోలేదు. దీనికి కారణం బ్రాడీపేట అని నా నమ్మకం. మా ఇల్లు అక్కడే. అక్కడ చిరునామా అంటే రెండు అంకెలు, ముందు లైను, తరవాత అడ్డరోడ్డు. 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. ఐదేళ్ళప్పటి నుంచి పిల్ల వాటితోనే తిరిగింది. x, y అన్నవి దానికి ట్యూషన్‌కు వెళ్ళే దారి. ఈ పిల్లకు లెక్కలు రావని ఎలా అనగలను?

రాత్రి డాబా మీద అడిగాను. "భయపడి మారుతున్నావా, తేల్చుకుని మారుతున్నావా?" అని. "నాన్నా, రెండూ," అంది. "స్టాండర్డ్ కోసం రోజూ మూడు గంటలు పెడితే యాభై దాటుతానేమో. ఆ మూడు గంటలూ సైన్సు, సోషల్ నుంచి తీసినవే." ఈ జవాబు నాకు నచ్చింది. భయం లేదని చెప్పి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదేమో.

సెప్టెంబరులో బడి వాళ్ళు బోర్డుకు అభ్యర్థుల జాబితా పంపేముందు సంతకానికి పిలిచారు. కోడ్ దగ్గర 041 అని ముందే కొట్టి ఉంది. దిద్దించి, దిద్దిన కాగితం మళ్ళీ చూసి గానీ కదల్లేదు. ఎవరైనా వెళితే ఆ మూడంకెలు కళ్ళతో చూడండి. తరవాత మార్చుకోవడం మన చేతిలో ఉండదు.

మార్చి 2024లో పరీక్ష రాసింది. మేలో ఫలితం, అంతర్గత మార్కులతో కలిపి 81. మార్కుల పత్రంలో మ్యాథమెటిక్స్ బేసిక్ అని స్పష్టంగా ఉంది. ఇంటర్‌కు సీఈసీ ఫారం ఇచ్చిన కాలేజీలో గుమాస్తా ఆ పేరు వైపు చూడను కూడా లేదు, ఫీజు ఎప్పుడు కడతారని అడిగాడు. మా బావమరిది మాత్రం మార్కులు విని, "81 అంటే స్టాండర్డే రాయించి ఉండాల్సింది" అన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు దుకాణానికి వచ్చి కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని సీఏ పుస్తకం చేస్తుంది. మొన్న చక్రవడ్డీ లెక్క ఒకటి నా వైపు తిప్పింది. నాకు రాలేదు. నా చేతిలో పెన్ను లాక్కుని ఖాళీ అట్టపెట్టె మీద చేసి చూపించింది.