స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్‌స్పియర్ ఇంటి లెక్కలు

లండన్ మేరిల్‌బోన్ స్టేషన్ నుంచి స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఎవన్‌కి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. నేరుగా వెళ్లే బళ్లు తక్కువ. ఎక్కువసార్లు లెమింగ్టన్ స్పాలోనో డారిడ్జ్‌లోనో మారాలి. ఆ మారేచోట ఐదారు నిమిషాలే ఉండే టికెట్ తీసుకుంటే మొదటి బండి కాస్త ఆలస్యమైనా రెండోది తప్పిపోతుంది. అందుకే అరగంట ఎడం ఉన్నదాన్నే ఎంచుకున్నాను.

స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే హెన్లీ స్ట్రీట్. షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లుగా చెప్పేది ఇక్కడే. నాటకాల సంగతి పక్కన పెట్టి, ఈ ఊరి కాగితాలు దాచిన డబ్బు లెక్కలు పట్టుకుని తిరిగితే మనిషి బాగా అర్థమవుతాడు. మొదటి లెక్క తండ్రిది. 1552 ఏప్రిల్‌లో ఈ వీధిలోనే పెంటకుప్ప వేసినందుకు జాన్ షేక్‌స్పియర్‌కి ఒక షిల్లింగు జరిమానా పడింది.

జాన్ చేతితొడుగులు చేసేవాడు. ఇంట్లో ఆ పనిగదిని మళ్లీ అమర్చి చూపిస్తారు. తొందరపడి దాటేయవద్దు. సన్నటి తోలును పటిక, ఉప్పు, గుడ్డుసొన, పిండి కలిపి పదును చేస్తే తెల్లగా, మెత్తగా వస్తుంది. అయితే అది బాగా తడిసిందా, పటిక కరిగిపోయి తోలు ఆరాక బిరుసెక్కుతుంది. అందుకే ఆ తొడుగులు వానకు పనికిరావు. ఈ పని చూస్తూ పెరిగిన కొడుకు ‘మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’లో ఒక గుండ్రటి గడ్డాన్ని తొడుగులవాడి తోలుగీరే కత్తితో పోల్చాడు.

చూడటానికి వచ్చినవాళ్లు పేర్లు గీకిన పాత కిటికీ అద్దం కూడా ఇంట్లోనే ఉంది. వాల్టర్ స్కాట్, థామస్ కార్లైల్ పేర్లు అందులోనివే. కోట గోడల మీద పేర్లు చెక్కేవాళ్లను మనం తిడతాం. ఇక్కడ ఆ గీతలనే జాగ్రత్త చేశారు! 1847లో ఈ ఇల్లు వేలానికొస్తే 3,000 పౌండ్లు పెట్టి కొని కాపాడారు. పెరటితోటలో మన రవీంద్రుడి విగ్రహం పలకరిస్తుంది.

న్యూ ప్లేస్ దగ్గర చాలామంది నిరాశపడతారు. ఇల్లు ఉంటుందనుకుని వస్తారు, ఉన్నది తోట మాత్రమే. 1597లో షేక్‌స్పియర్ కొన్నప్పటి దస్తావేజులో ధర 60 పౌండ్లు. మరుసటి ఏడాది, ధాన్యం కరువైన రోజుల్లో, ఎవరి దగ్గర ఎంత మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నిల్వ ఉందో లెక్క తీస్తే ఈయన పేరు మీద 10 క్వార్టర్లు, అంటే 80 బుషెల్స్ తేలింది. తర్వాత ఈ ఇల్లు ఫ్రాన్సిస్ గాస్ట్రెల్ అనే పాదిరి చేతికొచ్చింది. యాత్రికుల తాకిడికి విసుగెత్తి మొదట, షేక్‌స్పియర్ నాటాడని చెప్పుకునే మల్బరీ చెట్టు కొట్టించాడు. ఊరివాళ్లతో పన్ను తగాదా ముదిరాక 1759లో ఇల్లే పడగొట్టించాడు. ఆ చెట్టు కలపతో చేశామని అమ్మిన వస్తువులన్నీ పోగేస్తే ఒక తోపు అవుతుందేమో!

అక్కడి నుంచి పావుగంట లోపు నడకలో, నది ఒడ్డున హోలీ ట్రినిటీ చర్చి. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి కాబట్టి మధ్యాహ్నానికి పెట్టుకోవాలి. నాటకకర్త బాప్తిస్మం 1564 ఏప్రిల్ 26న ఇక్కడే జరిగింది. పుట్టినరోజు మాత్రం ఎక్కడా రాసిలేదు. ఏప్రిల్ 23 అనేది ఆనవాయితీ. 1585 ఫిబ్రవరి 2న ఆయన కవలలు హామ్నెట్, జూడిత్‌లకూ ఇక్కడే బాప్తిస్మం. కందుకూరి వీరేశలింగం ‘చమత్కార రత్నావళి’గా తెనిగించిన ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’లో రెండు జతల కవలలను ఆడించినవాడు కవలల తండ్రే. హామ్నెట్ 11 ఏళ్లకే, 1596 ఆగస్టులో పోయాడు.

షేక్‌స్పియర్ సమాధి గర్భాలయంలాంటి చోట, బలిపీఠం ముందే ఉంది. అంత చోటు దొరికింది కవిత్వానికి కాదు. 1605లో 440 పౌండ్లు పెట్టి ఈ ప్రాంతపు పదోవంతు పన్నులో (పంటలో పదోవంతుగా మొదట చర్చికి చెల్లినది) వాటా కొన్నాడు, దానితోపాటు అక్కడ పూడ్చిపెట్టించుకునే హక్కూ వచ్చింది. రాతి మీద పేరు లేదు, శాపం ఉంది: ఈ రాళ్లను వదిలేసినవాడికి దీవెన, నా ఎముకలు కదిపినవాడికి శాపం. కొత్త శవాలకు చోటు చేయడానికి పాత ఎముకలు తవ్వి పక్కనే ఉన్న ఎముకల కొట్టులో పడేసే రోజులవి. భయం ఊరికే కాదు. 2016లో రాయి కదపకుండా రాడార్‌తో చూస్తే సమాధి లోతు మీటరు కూడా లేదు, శవపేటిక ఆనవాళ్లు లేవు, తలవైపు మాత్రం ఎప్పుడో కదిపి బాగుచేసిన గుర్తుంది.

ఎడమపక్క రాయి భార్య ఏన్‌ది. వీలునామాలో ఆమె పేరిట ‘రెండో మేలురకం మంచం’ అన్న మాటను పంక్తుల మధ్య ఇరికించి రాయించాడు. ఆమె రాతి మీది ఇత్తడి రేకును వంగి చదవండి: మరణం 1623 ఆగస్టు 6, వయసు 67. భర్త కంటే ఆమె ఎనిమిదేళ్లు పెద్దదని మనకు తెలిసింది ఈ అంకె వల్లే.