అమ్మ బదులు నాలుగు సోమవారాలు

మా అమ్మ కార్తీక సోమవారం ఉపవాసం తప్పినట్టు నాకు గుర్తులేదు. 2023లో ఒక సోమవారం సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెడుతూ పెడుతూ చెమటలు పట్టి, చేతులు వణికి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. పొద్దున షుగర్ మాత్ర వేసుకుంది, ఆ తర్వాత ఏమీ తినలేదు. నోట్లో బెల్లం ముక్క పెట్టాక గానీ తేరుకోలేదు. "మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటే షుగర్ పడిపోతుందమ్మా, ఇంక ఉపవాసాల జోలికి పోవద్దు" అన్నాడు డాక్టరు. మరుసటేడు దీపావళికి ముందు మళ్లీ అదే గొడవ మొదలైతే, "నీ బదులు నేనుంటాలే" అని నోరు జారాను.

అప్పటికి నేను ఉన్న ఉపవాసం శివరాత్రి ఒక్కటే. అదీ మధ్యాహ్నం దాకా.

2024లో కార్తీకం నవంబరు 2న మొదలైంది. సోమవారాలు 4, 11, 18, 25. అమ్మ నన్ను కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. పున్నమినాడు చంద్రుడు కృత్తికా నక్షత్రం దగ్గర ఉంటాడు కాబట్టి ఈ నెల కార్తీకం. సోముడంటే చంద్రుడు, ఆయన్ని నెత్తిన పెట్టుకున్నది శివుడు, అందుకే సోమవారం. పగలంతా ఉపవాసముండి చుక్కను చూశాక తినడాన్ని నక్తం అంటారు. నెలంతా నీచు లేదు, ఎర్రగడ్డ లేదు, తెల్లగడ్డ లేదు. మబ్బులోనే లేచి తలస్నానం. (మా వైపు మబ్బు అంటే తెల్లవారుజాము చీకటి.)

నేను పనిచేసేది కర్నూలులో విత్తనాల అంగట్లో. నవంబరంటే నల్లరేగడి చేలల్లో సనగ విత్తే అదను. జేజీ-11 రకం సనగ విత్తనాల బస్తాలు దించుకోవడం, బిల్లులు కొట్టడం, ఊపిరాడదు. ఆకలికి భయపడ్డాను గానీ, పన్నెండు దాటాక అది తనంతట తానే నెమ్మదించింది. పొద్దున ఎదురుగా బండి మీద ఉగ్గాని, బజ్జీ వాసన వచ్చినా తట్టుకున్నాను. నన్ను దెబ్బతీసింది టీ. మా అంగట్లో బేరం కుదిరితే టీ, కుదరకపోయినా టీ. మొదటి సోమవారం నాలుగు గంటలకు ఎవరో రైతు గ్లాసు చేతిలో పెట్టాడు. మాటల్లో పడి సగం తాగేశాక గుర్తొచ్చింది. గ్లాసు కింద పెట్టి గోడౌన్ వెనక్కి పోయి అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ నవ్వింది.

"తెలిసి తాగలేదు కదా నాయనా. నోరు కడుక్కుని నమశ్శివాయ అనుకో. మిగిలిన సగం మాత్రం తాగొద్దు."

సాయంత్రం మిద్దె మీద ఇంకో తంటా. పొద్దు ఐదూ నలభైకే గుంకింది. పడమట ఒక చుక్క ధగధగా మెరుస్తోంది. చేతులు జోడించబోతే మా అక్క కూతురు, ఎనిమిదో తరగతి, "మామా, అది చుక్క కాదు, శుక్రగ్రహం" అంది. దానికి ఈ చదువు ఎవరు చెప్పారో గానీ! అమ్మ తగవు తీర్చింది: "అయితే ఇంకోటి కనపడేదాకా ఆగు, ఏం పోయింది?" ఆ ఇంకోటి కనపడేసరికి ఇరవై నిమిషాలు. పొద్దున నుంచీ అంత పొడుగైన ఇరవై నిమిషాలు లేవు.

రెండో సోమవారం ఆకాశమంతా మూసుకుపోయింది. ఏడైంది, ఏడున్నరైంది, ఒక్క చుక్కా లేదు. మిద్దె మీద మెడ నొప్పి పెట్టేదాకా నిలబడ్డాను. నియమం అంటే నియమం కదా అని నా పంతం. కింద నుంచి అమ్మ కేకేసింది: "చుక్క లేకుండా ఎక్కడికి పోతుంది, మబ్బు వెనకాలే ఉంటుంది. శివుడు నిన్ను పస్తు పండుకోమన్నాడా? దిగు!" దిగాను. పెసరపప్పు, నెయ్యి, చింతకాయ తొక్కు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. నలభై ఏళ్లు ఉపవాసాలున్న మనిషికి ఎక్కడ పట్టు విడవాలో తెలుసు, మొదటిసారి ఉన్నవాడికే పట్టుదల ఎక్కువ.

15న పున్నమి. ఏడాదిలో దీపం పెట్టని రోజులన్నిటికీ కలిపి 365 వత్తులు వెలిగించాలి. బజారులో కట్టలు దొరుకుతాయి గానీ అమ్మకు నచ్చవు. మా అంగటికొచ్చే ఆదోని రైతును అడిగి పత్తి తెచ్చిచ్చాను. గింజలు తీసి, అరచేతికి విభూది రాసుకుని, తొడ మీద ఒక్కొక్క వత్తీ చేసింది. వందకో దారం ముడి. నేనూ కూర్చున్నా గానీ నావి బొద్దింకల్లా వచ్చాయి, వాటిని పక్కన పెట్టేసింది. ముందురోజు రాత్రే కట్టను నేతిలో నానేసింది. పొడిగా ఉంటే పైనంటుకుని లోపల ఆరిపోతుందట. గుళ్లో మా పక్కన ఒకావిడ కొన్న కట్ట అచ్చం అలాగే పొగచూరి ఆరిపోయింది. అమ్మ ఏమీ అనలేదు, తన గిన్నెలో నెయ్యి కొంచెం అందులో పోసింది.

మూడో సోమవారం సెలవు దొరికి యాగంటి పోయాం. నంది నోట్లోంచి పడే పుష్కరిణి నీళ్లు ఐదింటికి ఎంత చల్లగా ఉంటాయో చెప్పలేను. జనం మాత్రం తిరునాళ్లే. నాలుగోది మామూలుగా గడిచిపోయింది, టీ ఇస్తే చెయ్యే లేవలేదు.

డిసెంబరు 2 పోలి పాడ్యమి. అత్త ఏమీ మిగల్చకుండా పోతే, పెరట్లో పత్తి తీసి, కవ్వానికి అంటిన వెన్నతో దీపం పెట్టి బొందితో స్వర్గానికి పోయిన పోలి కథ అమ్మ దారి పొడుగునా చెప్పింది. కేసీ కెనాల్ దగ్గర వినాయక ఘాట్ మెట్లు దిగడానికి నా భుజం పట్టుకుంది. అరటిదొప్పలో దీపం వదిలితే, అది కదలక మెట్టుకే తట్టుకుని తిరుగుతోంది. వంగి చేత్తో నీళ్లు తోసింది. నాలుగోసారికి పారుదలలో పడి సాగిపోయింది.

అది కనపడకుండా పోయేదాకా చూసి, మెట్టు మీద కూర్చుని సంచిలోంచి ఇడ్లీ డబ్బా, షుగర్ మాత్ర తీసింది.

"నీళ్లు తెచ్చినావా?" అంది.