ఎరుపుకూ ఎరుపుకూ మధ్య

ఇయాల ప్రింటు చేతికొచ్చింది. అప్పటి నుంచి మనసు బాగలేదు, పడుకుందామంటే నిద్ర వస్తలేదు. కల్లంలో కాయలు గీతలుగా సాగేటట్టు కెమెరా కదుపుతూ తీసిన మిర్చి ఫొటో, ఇటుక రంగు ముద్దయి వచ్చింది. వదిన చాలాసేపు చూసి "ఇది మన మిర్చేనా?" అన్నది.

"కరెక్షన్ వద్దు" అని రాసిచ్చినా ల్యాబ్‌ వాళ్లు మిషనే రంగులు సరిచేసే ఆటో మీదనే కొట్టిన్రు. ఆటో కరెక్షన్ లెక్క ఒక్కటే: ఏ ఫొటోలోనైనా రంగులన్నీ కలిపి సగటు తీస్తే దాదాపు బూడిద రంగు రావాలె. పెండ్లి ఫొటోలకు ఆ లెక్క సరిపోతది. ఫ్రేమంతా ఎరుపే ఉంటే మాత్రం మిషన్ దాన్ని దోషమనుకొని ఎదురు రంగు సయాన్ (నీలం, పచ్చ కలిసిన రంగు) కలుపుతది. ఎరుపు చచ్చిపోతది. ఒక్క బటన్ ఆపితే అయ్యే పని. పెద్ద సైజు కాగితం, పైసలు పోతే పోయినయి, చెప్పిన మాట చదవకపోవుడే నాకు మింగుడు పడతలేదు.

ఆ కల్లం కండ్ల ముందు నుంచి పోతలేదు. నర్సంపేట దిక్కు, చపాట మిర్చి ఆరబోసిన్రు. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే కాయ, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా. మిట్టమధ్యాహ్నం ఎండ. ఐఎస్ఓ (వెలుగు పట్టే గుణం) 100, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం సైజు) పెడితే షట్టర్ సెకనులో రెండు వందో వంతు చూపిస్తది, అంత తక్కువ సేపట్ల గీతలు రావు. వెలుగును 64వ వంతుకు తగ్గించే నల్లద్దం, ఎన్‌డీ 64 ఫిల్టర్ బిగిస్తే సెకనులో మూడో వంతు దొరుకుతది. చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపాలె, లేకుంటే మనం కదిపేదాన్ని అది సరిచేయబోతది. బటన్ నొక్కకముందే చేయి కదలడం మొదలుపెట్టి, షట్టర్ మూసుకున్నాక కూడా ఆపొద్దు. మధ్యలో ఆగితే ప్రతి గీత చివర కొక్కెం పడ్తది.

తాలు ఏరే ఆడోళ్లు ఒక పక్క నుంచి వరుసగా ఏరుకుంట వస్తున్నరు. ఏరిన దిక్కు కదిపితే వట్టి ఎర్ర గోడ, గీత లేదు. ఏరని దిక్కు కదిపితే తెల్లబారిన ప్రతి తాలుకాయా ఒక సన్న గీతయి సాగింది. మార్కెట్‌ల ధర కోసే కాయ లేకుంటే ఆ బొమ్మే లేదు. వాళ్లు ఏరే కొద్దీ నాకు చోటు తగ్గిపోతుంటే పరుగు పరుగున తీసిన.

కొందరు ఎనిమిది ఫొటోలు విడివిడిగా తీసి జింప్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో పొరలుగా కలుపుతరు. కింది నుంచి ఒపాసిటీ (పొర ఎంత శాతం కనపడాలె అనేది) 100, 50, 33, 25, 20, 17, 14, 12 పెట్టాలె. అన్నీ 50 పెడితే పైపొర ఒక్కటే సగం బొమ్మ తినేస్తది. ఫిల్టర్ ఖర్చు లేదు, కానీ గీత తెగి చుక్కలు చుక్కలుగా పడ్తది. తాలుకు అది నప్పదు.

ఇంతవరకు రాసి ప్రింటు మళ్ల లైటు కింద పెట్టి చూసిన. అసలు ఆబ్‌స్ట్రాక్ట్ బొమ్మలో మిర్చి ఎర్రగనే ఉండాలని ఏమున్నది? ఇదే బొమ్మను హ్యూ (రంగు) తిప్పి నీలం చేసుకున్నప్పుడు బాగనే అనిపించింది. 1917లో లండన్‌లో ఫొటోగ్రాఫర్ ఆల్విన్ లాంగ్డన్ కోబర్న్ మూడు అద్దాలు త్రికోణంగా బిగించి తీసిన వోర్టోగ్రాఫులు అనే ఆబ్‌స్ట్రాక్ట్ ఫొటోలు నలుపు తెలుపులే, అయినా చూపు కట్టిపడేస్తయి. రంగు మారితే మారనీ. ముచ్చిక కాడి ముదురుకూ ఎండ తగిలిన లేతకూ తేడా లేకుండపోయింది, నా బాధ అది.

ఆ తేడాను మింగింది సయాన్ ఒక్కటే కాదు. స్క్రీన్లకూ ల్యాబులకూ వాడే మామూలు రంగుల పరిధి ఎస్‌ఆర్‌జీబీలో పట్టని ఎరుపులన్నీ మార్చేటప్పుడు ఒకే అంచుకు పోయి చేరుతయి. కెమెరా వెనుక వెలుగు ఎంత పడ్డదో చూపే తెల్ల గ్రాఫ్, హిస్టోగ్రామ్, దీన్ని పట్టించదు. ప్రకాశం లెక్కలో పెద్ద వాటా పచ్చది, ఎరుపుది మూడో వంతు కన్నా తక్కువ. అందుకే అది బాగనే కనపడుతుంటది, లోపల ఎరుపు ఛానెల్ నిండిపోయి ఉంటది. ఎరుపు, పచ్చ, నీలం మూడు ఛానెళ్లు విడిగా చూసి, వెలుగు ఒక స్టాప్ (సగం) దాకా తగ్గించి, కెమెరా పట్టింది పట్టినట్టు దాచే రా ఫైలుగా తీయడమే దిక్కు.

ఇంకోటి, ఎర్ర వస్తువు ముడతలు, మెరుపు ఎక్కువగ ఉండేది పచ్చ ఛానెల్‌లోనే. శాచురేషన్ (రంగు గాఢత) పెంచితే అది సున్నా దిక్కు పడిపోతది. ఎక్కువ రంగు మెట్లు పట్టే 16 బిట్‌లో ఎరుపు శాచురేషన్ 15, 20 దాకా తగ్గించి, తర్వాత పచ్చ ఛానెల్ కర్వ్‌కు కొంచెం వంపు ఇస్తే గీతలు మళ్ల లేస్తయి. ప్రింటు ల్యాబ్ ఇచ్చే రంగుల ప్రొఫైల్‌తో సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎట్లొస్తదో స్క్రీన్ మీదనే చూసుడు) చూసినాకనే ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్ చేయాలె.

రేపు శాచురేషన్ 10, 20, 30 తగ్గించినవి మూడూ 4×6 సైజులో కొట్టిస్త. కరెక్షన్ ఆపిన్రో లేదో మిషన్ పక్కన నిలబడి చూస్త.